ఇంటూనా అంకుల్, బైనా? విశాఖ కెమిస్ట్రీ మాస్టార్లకు ఒక బహిరంగ లేఖ

విశాఖపట్నం జూనియర్ కాలేజీల్లో కెమిస్ట్రీ చెప్పే మాస్టార్లకు, మేడమ్‌లకు, ఆ కాలేజీల ప్రిన్సిపాళ్లకు నమస్కారం.

నేను మాస్టారిని కాను. మందుల కంపెనీల క్వాలిటీ కంట్రోల్ ల్యాబుల్లో ముప్పై ఏళ్లు పనిచేసి, ఆఖరి పదేళ్లు పరవాడ బస్సెక్కి దిగి, రిటైరై ఎంవీపీ కాలనీలో ఇంటిపట్టున ఉన్నవాణ్ణి. ఈ జూన్ నుంచి మా అపార్ట్‌మెంట్ పిల్లలు ఆరుగురు సాయంత్రాలు మా ఇంటికొస్తున్నారు. అందరూ ఇంటర్ ఫస్టియర్. ఫీజు లేదు, మా ఆవిడ పెట్టే ఉప్మా తినాలన్నదే షరతు.

ఈ ఆరుగురూ నన్ను అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న ఒకటే. "ఇంటూ చెయ్యాలా అంకుల్, బై చెయ్యాలా?"

మిల్లీలీటర్లను లీటర్లు చెయ్యమంటే వెయ్యి అన్న అంకె టక్కున చెబుతారు. ఆ వెయ్యి పైన పెట్టాలా, కింద పెట్టాలా అన్నది మాత్రం నా మొహం చూసి తేల్చుకుంటారు. నేను కనుబొమలు కాస్త ఎత్తితే చాలు, పైది కిందికి వచ్చేస్తుంది. ఒకరోజు కావాలనే తప్పు దగ్గర తలూపాను. 250 మిల్లీలీటర్లు 2,50,000 లీటర్లయ్యాయి. అంటే గ్లాసుడు మంచినీళ్లు పాతిక వాటర్ ట్యాంకర్లయ్యాయి. ఆరు నోటుబుక్కుల్లోనూ ఆ అంకె ఎక్కింది, కింద రెండు గీతలు కూడా పడ్డాయి. ఎవరికీ ఏమీ అనిపించలేదు.

వీళ్లు మొద్దులు కారు. పదో తరగతిలో 600కి 560 దాటినవాళ్లే. అందులో ఒకడి నాన్న మధురవాడ వైపు స్థలాలు అమ్మిస్తుంటాడు. "200 గజాల స్థలం ఎన్ని చదరపు అడుగులురా?" అని అడిగితే రెప్ప వెయ్యకుండా "1800" అన్నాడు. గజానికి మూడడుగులే అయినా చదరపు గజానికి తొమ్మిది చదరపు అడుగులని వాడికి ఎవరూ నేర్పలేదు, ఇంట్లో వినీ వినీ వచ్చేసింది. అదే పిల్లాణ్ణి మరుక్షణం "ఘన మీటరుకి ఎన్ని ఘన సెంటీమీటర్లు?" అంటే "వంద" అన్నాడు. పది లక్షలు రావాల్సిన చోట వంద. స్థలం దగ్గర పనిచేసిన బుర్ర కెమిస్ట్రీ నోటుబుక్కు తెరవగానే ఎందుకు మూసుకుపోయిందో నాకు చాలాసేపు అర్థం కాలేదు. తరవాత తోచింది: గజం అంటే వాడికి కంటికి కనిపించే నేల. ఘన సెంటీమీటరు వాడెప్పుడూ చూడలేదు.

మా అమ్మమ్మ బడి మొహం చూడలేదు. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచం అని నోటితోనే లెక్క కట్టి, కుంచానికి 64 గిద్దెలని చెప్పేది. అది నాలుగు మెట్ల మార్పిడి. ఇంటూనా బైనా అని ఆవిడ ఎవర్నీ అడగలేదు, ఎందుకంటే కుంచం పెద్దది, గిద్దె చిన్నది అని చేతికి తెలుసు.

పిల్లల తప్పులే చెబుతున్నాననుకునేరు. నాదీ చెబుతాను. 1996లో, మొదటి ఉద్యోగంలో, పర్మాంగనేట్ ద్రావణం తయారుచేసి సీసా మీద చీటీ అంటించాను. చీటీ మీద పర్మాంగనేట్ అని, 0.1 అని, తేదీ. అంతే. నార్మల్, మోలార్ అన్నవి ద్రావణం గాఢత చెప్పే రెండు వేర్వేరు కొలతలు. నా మనసులో అది 0.1 నార్మల్. రాత్రి షిఫ్టుకొచ్చినతను దాన్ని 0.1 మోలార్ అనుకున్నాడు. ఆమ్లంలో పర్మాంగనేట్ అయిదు ఎలక్ట్రాన్లు తీసుకుంటుంది కాబట్టి 0.1 నార్మల్ అంటే 0.02 మోలారే, అయిదు రెట్లు తేడా. ఆ రాత్రి కొత్తగా వచ్చిన హైడ్రోజన్ పెరాక్సైడ్ డ్రమ్ము పరీక్ష చెయ్యాలి. డ్రమ్ములో ఉండాల్సింది దాదాపు 50 శాతం. రిజిస్టర్లో 248.5 శాతం అని రాసి సంతకం పెట్టాడు. పొద్దున్నే మా ఇన్‌చార్జిగారు చూసి, "ఒరే, డ్రమ్ములో డ్రమ్ము కన్నా ఎక్కువ పెరాక్సైడ్ ఉందిరా" అన్నారు. ల్యాబంతా నవ్వింది. నాకు మాత్రం చెమటలు పట్టాయి. ఎందుకంటే అతను లెక్క తప్పలేదు, క్యాలిక్యులేటర్ తప్పలేదు. చీటీ మీద అంకె ఉంది, దాని ఇంటిపేరు లేదు. నూటికి 248 ఎలా వస్తుందని అతనికి అనిపించకపోవడం మాత్రం అతని లోటే.

ఈ రెండు లోట్లే నేను మీ ముందు పెడుతున్నది. ఒకటి, అంకె పక్కన యూనిట్ లేకపోవడం. రెండు, వచ్చిన జవాబుని ఒక్కసారి తేరిపార చూడకపోవడం.

యూనిట్ల తప్పుకి ఉదాహరణ అంటే అందరూ 1999లో అంగారకుడి దగ్గర పోయిన నాసా నౌక కథ చెబుతారు. నాకు ఇంకొకటి ఇష్టం, అందులో సాంద్రత ఉంది కనుక. 1983 జూలై 23న ఎయిర్ కెనడా వారి బోయింగ్ 767లో ఇంధనం కొలిచే మీటరు పనిచెయ్యక, పుల్లతో కొలిచి లీటర్లు చూసుకున్నారు. లీటర్లను కిలోలుగా మార్చడానికి 1.77తో గుణించారు. 1.77 అన్నది లీటరుకి ఎన్ని పౌండ్లో చెప్పే అంకె. కిలోల్లో అయితే 0.8. కావాల్సింది 22,300 కిలోలు, విమానంలో ఉన్నది అన్ని పౌండ్లు. దాదాపు 20,000 లీటర్లు పొయ్యాల్సిన చోట అయిదు వేలు కూడా పొయ్యలేదు. 41,000 అడుగుల ఎత్తున వెళ్తుండగా ఇంధనం అయిపోయి, ఒకదాని తరవాత ఒకటి రెండు ఇంజన్లూ ఆగిపోయాయి. పైలట్ల నేర్పు వల్ల గాల్లో తేలుకుంటూ గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీద దిగింది, ఎవరూ చనిపోలేదు. ఇంటూ చెయ్యాలా బై చెయ్యాలా అన్నది వాళ్లకి బాగానే తెలుసు. తెలియనిది 1.77 పక్కన ఏముందో.

మీ ఇబ్బంది నాకు తెలియనిది కాదు. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. నిమిషం చిల్లరలో ఒకటి తేల్చాలి. యూనిట్లు రాసుకుంటూ కూర్చుంటే టైము పోతుందని షార్ట్‌కట్లు చెబుతారు. కానీ ఆ నాలుగు ఆప్షన్లూ ఒకసారి చూడండి. 0.25, 2.5, 25, 250 అని తరచూ ఉంటాయి. పేపరు సెట్ చేసేవాడికి పిల్లాడు ఎక్కడ జారతాడో తెలుసు, అక్కడే వల పరుస్తాడు. గ్యాస్ లెక్కలో 'ఆర్' (వాయు స్థిరాంకం) విలువ 0.082 వెయ్యాల్సిన చోట వేరే యూనిట్లలోని 8.314 వేస్తే వచ్చే జవాబు కూడా ఆప్షన్లలో కూర్చునే ఉంటుంది. షార్ట్‌కట్ నేర్చినవాడికి తన తప్పు జవాబు ఎదురుగా కనిపించేసరికి ధైర్యం వస్తుంది. టైము మిగులుతుంది, మార్కు పోతుంది.

ఇప్పుడు సముద్రం సంగతి. దీన్ని కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాను, నేను అడగబోయేదంతా ఇందులోనే ఉంది.

నవంబరులో ఒక ఆదివారం పొద్దున్న ఆరుగురినీ లాసన్స్ బే తీరానికి తీసుకెళ్లాను. తలో వాటర్ బాటిల్లో సముద్రపు నీళ్లు పట్టుకొచ్చారు. ఇంట్లో 100 మిల్లీలీటర్లు మెజరింగ్ సిలిండర్‌తో కొలిచి, ఖాళీ స్టీలు గిన్నె బరువు చూసుకుని, నీళ్లు పోసి సన్నటి మంట మీద ఇగరబెట్టి, అడుగున మిగిలిన ఉప్పు తూచడం. నా దగ్గరున్నది 0.1 గ్రాము వరకు చూపించే చిన్న డిజిటల్ కాటా. ఆఖర్లో ఉప్పు చిటపటలాడి ఎగురుతుంది, అందుకని మూత ఓరగా పెట్టాలి. మా వంటిల్లు రెండు రోజులు నా చేతిలో లేదు, మా ఆవిడ చేతిలోనూ లేదు.

ఆరుగురి అంకెలు ఇవి: 3.1, 3.3, 3.2, 4.9, 3.2, 3.0 గ్రాములు.

4.9 వచ్చిన పిల్ల మొహం చిన్నబోయింది. నేను వంటింట్లోంచి వచ్చేలోపు ఆ 4 ని 3 చేసి, 9 ని 2 చెయ్యడానికి వైట్‌నర్ తీసింది. నేను ఆపాను. "అది తప్పు కదంకుల్, అందరికీ మూడే వచ్చింది" అంది. కాలేజీలో రికార్డు అలాగే రాస్తామని, బ్యూరెట్ రీడింగులు మూడూ ఒకటే రావాలని, రాకపోతే రప్పిస్తామని మిగతావాళ్లు వంత పాడారు. ఆ మాట విన్నాక నాకు కోపం రాలేదు, నవ్వొచ్చింది. మా ల్యాబుల్లో కొత్తగా చేరిన కుర్రాడికి మొట్టమొదట నేర్పేది ఏమిటో తెలుసా? అంకె తప్పయితే దాని మీద ఒకే ఒక్క గీత గియ్యాలి, కింద అంకె చదవగలిగేలా ఉండాలి, పక్కన సరైనది రాసి సంతకం, తేదీ, కారణం రాయాలి. వైట్‌నర్ ల్యాబులోకి రానివ్వరు. ఇన్‌స్పెక్షన్‌కొచ్చినవాళ్లకి మూడు రీడింగులూ అచ్చంగా ఒకటే కనబడితే మెచ్చుకోరు, కుర్చీ లాక్కుని కూర్చుంటారు. మీ రికార్డుల్లో రెండేళ్లు నేర్చినదాన్ని మేము ఆర్నెల్లు కష్టపడి మరిపించాలి.

సరే, 4.9 ఎందుకొచ్చింది? ఆ పిల్లనే అడిగాను. ట్యూషన్‌కి టైమైపోతోందని గిన్నె తొందరగా దించేసిందట. వేలితో ముట్టుకుని చూస్తే ఉప్పు ఇంకా చెమ్మగా ఉంది. మళ్లీ పొయ్యెక్కించి తూస్తే 3.3. నోటుబుక్కులో 4.9 మీద ఒక గీత, పక్కన 3.3, "ఉప్పు ఆరలేదు" అని రాసి సంతకం పెట్టింది. ఆ సంతకం కొంచెం గొప్పగా పెట్టిందనే చెప్పాలి.

దాంతో వదల్లేదు. మొదటి ఆరు అంకెలకీ సగటు కట్టమంటే 3.45 వచ్చింది. 4.9 తీసేసి అయిదింటికి కడితే 3.16. చిన్నదాన్నుంచి పెద్దదాకా వరసగా రాసి మధ్యలో ఉన్నది చూస్తే 3.2. ఒక్క తడి గిన్నె సగటుని అంత దూరం లాగింది, మధ్య విలువ మాత్రం కదల్లేదు. సగటు, మధ్యగతం పదో తరగతి లెక్కల్లోనే చదివారు. అవి ఎందుకు రెండున్నాయో మాత్రం ఆ సాయంత్రమే తెలిసిందన్నారు.

తరవాత మార్పిళ్లు. 100 మిల్లీలీటర్లకి 3.16 గ్రాములు. పక్కన భిన్నం రూపంలో 1000 మిల్లీలీటర్లు బై 1 లీటరు. మిల్లీలీటరు మిల్లీలీటరు కొట్టేస్తే లీటరుకి 31.6 గ్రాములు. తిరగేసి పెడితే మిల్లీలీటర్లు కొట్టేయబడవు, వర్గమై కూర్చుంటాయి. ఇంటూనా బైనా అని నా మొహం చూడక్కర్లేదు, కాగితమే చెబుతుంది. అక్కడి నుంచి కిలోకి ఎంత? సముద్రపు నీళ్ల సాంద్రత దాదాపు 1.02, కాబట్టి కిలోకి 31 గ్రాములు. అంతా సోడియం క్లోరైడే అనుకుంటే, లీటరుకి వచ్చిన ఆ 31.6ని దాని మోలు బరువు 58.5తో భాగిస్తే మోలారిటీ, అంటే లీటరుకి ఎన్ని మోల్సో. క్యాలిక్యులేటర్లో 0.5401709 అని వచ్చింది, అంతా దింపేశారు. "కాటాకి 0.1 గ్రాము దాకానే కళ్లున్నాయి, మీకు ఏడో దశాంశం ఎవరు చూపించారు?" అన్నాను. "అంకెలు ఎక్కువుంటే ఎక్కువ కరెక్టు కదంకుల్" అన్నాడు మధురవాడ వాడు. 0.54 దగ్గర ఆపించడానికి పావుగంట పట్టింది. సార్థక అంకెల నియమాలు అయిదూ వాడికి కంఠతా వచ్చని ఆ పావుగంటలోనే తెలిసింది.

ప్రపంచ సముద్రాల సగటు కిలోకి 35 గ్రాములు. మాది 31 వచ్చేసరికి "మనదే తప్పు" అన్నారు అందరూ. మళ్లీ వైట్‌నర్ బుద్ధి. బంగాళాఖాతంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి వచ్చి కలుస్తాయని, వానాకాలం అయ్యాక ఆ మంచినీళ్లు కలిసిన ప్రవాహం మన తీరం వెంట దక్షిణానికి దిగుతుందని, ఆ నెలల్లో విశాఖ దగ్గర ఉప్పు తగ్గుతుందని చెప్పాను. ఇంకోపక్క, ఉప్పులోని మెగ్నీషియం క్లోరైడ్ నీటిని ఓ పట్టాన వదలదు కాబట్టి మనం తూచింది కాస్త ఎక్కువే అయ్యుండొచ్చనీ చెప్పాను. ఒక కారణం అంకెని కిందికి లాగుతోంది, ఒకటి పైకి. వేసవిలో మళ్లీ తూద్దామని తీర్మానం చేసుకున్నారు. ఇది నేను చెప్పింది కాదు.

పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులు అన్న కొలత, గురించి రాయకపోతే ఈ ఊరి మనిషినే కాదు. నీళ్ల ఫిల్టరు అమ్మడానికొచ్చినతను నీళ్లలో కరిగిన లవణాలు చూపించే టీడీఎస్ మీటరు ముంచి "420 పీపీఎం అండీ" అని భయపెడతాడు. లీటరు నీళ్లు కిలో, కిలోకి పది లక్షల మిల్లీగ్రాములు, కాబట్టి లీటరుకి 420 మిల్లీగ్రాములన్నమాట. తాగునీటికి మన భారతీయ ప్రమాణం 500 దాకా ఒప్పుకుంటుంది. కంగారు అక్కర్లేదు. పిల్లలు ఇది పట్టేశారు. పట్టేసి, గాలికి కూడా అదే వేశారు.

2020 మే 7 తెల్లవారుజాము సంగతి ఈ ఊళ్లో ఎవరికీ చెప్పక్కర్లేదు. ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి లీకైన స్టైరీన్ ఆవిరి ప్రాణాలు తీసిన రోజున వీళ్లకి పదేళ్లు. ఆ రోజంతా మా ఫోన్లలో పీపీఎం అంకెలు తిరిగాయి, ఏది ఎంతో ఎవరికీ తెలియదు. గాలిలో పీపీఎం అంటే బరువు కాదు, ఘనపరిమాణంలో పది లక్షల్లో ఒక వంతు. ఘన మీటరు గాలిలో ఒక పీపీఎం అంటే ఒక మిల్లీలీటరు ఆవిరి. 25 డిగ్రీల దగ్గర మోలు వాయువు 24.45 లీటర్లు, స్టైరీన్ మోలు బరువు 104.15 గ్రాములు. కాబట్టి ఒక పీపీఎం ఘన మీటరుకి దాదాపు 4.26 మిల్లీగ్రాములు, 50 పీపీఎం అయితే 213. నీళ్ల సూత్రం వేస్తే 50,000 వస్తుంది. దాదాపు 235 రెట్లు తేడా. ఆ రోజు అలాంటి అంకె ఫోన్లో తిరిగితే ఏమయ్యేదో ఆలోచించండి. మీరు పాఠంలో మోలార్ ఘనపరిమాణం చెప్పేటప్పుడు ఈ ఒక్క లెక్క చేయించండి. సున్నా డిగ్రీల దగ్గర 22.4 అంకె ఒక వాతావరణ పీడనానికి, 22.7 ఒక బార్‌కి అన్న తేడా కూడా అప్పుడే చెప్పొచ్చు. ప్రమాణ పీడనం 1982లో బార్‌కి మారిన సంగతి ఇంకా కొన్ని మెటీరియళ్లకి చేరలేదు.

మా వదినగారికి షుగరుంది. లండన్‌లో ఉన్న కొడుకు పరీక్ష చేయించుకుని 6.1 అని మెసేజ్ పెడితే, "నాకు 110, వాడికి ఆరే, షుగరు పడిపోయిందిరా నాయనా" అని రాత్రంతా టెన్షన్ పడింది. అక్కడ మిల్లీమోల్ పర్ లీటర్, ఇక్కడ డెసిలీటరుకి, అంటే లీటరులో పదో వంతుకి, మిల్లీగ్రాములు. గ్లూకోజ్ మోలు బరువు 180, అంచేత 18తో గుణిస్తే సరి. తల్లికీ కొడుక్కీ ఒకటే షుగరు.

ఇక అడిగేది అడిగేస్తాను. ఫస్టియర్ పుస్తకంలో మొదటి పాఠంలోనే కొలతలు, సార్థక అంకెలు, యూనిట్ల మార్పిడి ఉన్నాయి. మా ఆరుగురిలో నలుగురికి అది ఒక పీరియడ్‌లో అయిపోయిందట. దానికి రెండు వారాలివ్వండి, మోలు భావన మొదలెట్టక ముందే. యూనిట్ లేని జవాబుకి పూర్తి మార్కు ఇవ్వకండి, స్లిప్ టెస్టులో అయినా సరే. లెక్క మొదలెట్టే ముందు జవాబు సుమారుగా ఎంత ఉండొచ్చో పిల్లాడి చేత నోటితో చెప్పించండి. రికార్డులో వచ్చిన రీడింగే రాయనివ్వండి, 20.1, 20.4, 19.9 అని ఉంటే ఎందుకని అడగండి కానీ మార్కు కొయ్యకండి. ప్రిన్సిపాళ్లు దీనికి అడ్డు చెప్పకుండా ఉంటే చాలు, వాళ్లని ఇంకేమీ అడగను. ఇంటర్మీడియట్ విద్యామండలి వారు ఈ లేఖ చూస్తే వారికొక మనవి: థియరీ పేపరులో ఒక చిన్న పట్టిక ఇవ్వండి, ఆరు రీడింగులు, అందులో ఒకటి తేడాగా. సగటు అడగొద్దు. ఆ తేడా ఎందుకొచ్చి ఉంటుందో రెండు వాక్యాలు రాయమనండి. పేపర్లో ఉందంటే కాలేజీల్లో దానంతటదే వస్తుంది.

తెలుగు మీడియం పిల్లల గురించి ఒక్క మాట. ద్రవ్యరాశి, బరువు, ఘనపరిమాణం, సాంద్రత అని చదువుకొచ్చినవాళ్లకి రాత్రికి రాత్రి అన్నీ ఇంగ్లీషు పేర్లవుతాయి. యూనిట్లు కాగితం మీద రాసి కొట్టేసే పద్ధతికి భాషతో పనిలేదు. ఎక్కువ మేలు జరిగేది వాళ్లకే.

శనివారం మధ్యాహ్నాలు నాకు ఖాళీ. పిలిస్తే ఏ కాలేజీకైనా వస్తాను, గాజువాక అయినా, భీమిలి అయినా. కాటా, మెజరింగ్ సిలిండర్ నేనే తెస్తాను. స్టవ్వు, గిన్నెలు మీవి. సముద్రపు నీళ్లు పిల్లల చేతే తెప్పించండి, తలా అర లీటరు చాలు. సీసా మీద ఎక్కడ పట్టారో, తేదీ, టైము, ఎన్ని మిల్లీలీటర్లో రాయించండి. మిల్లీలీటర్లు అన్న మాటతో సహా.

ఇట్లు,
ఒక రిటైర్డ్ క్యూసీ కెమిస్ట్
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం